పూడ్చే నూతికి పూడిక

రోహిణి కార్తె వచ్చిందంటే గురునాథరావు కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. పోర్టులో క్రేను నడిపే మనిషి. ఓడల కడుపులోంచి టన్నులకొద్దీ సరుకును తొణక్కుండా బెణక్కుండా పైకి లాగేస్తాడు గానీ, సొంత ఇంటి మీద ఒక్క పెంకు పగిలిందంటే చాలు, ఇల్లంతా కొట్టుకుపోయినంత గోల చేస్తాడు. వానలు పడేలోగా పెంకులు సర్దించాలి, వాసాలకు తారు పూయించాలి, గోడలకు సున్నం కొట్టించాలి, నూతిలో పూడిక తీయించాలి. ఇవన్నీ అయ్యేదాకా తను కూర్చునేవాడు కాదు, ఇంకొకర్ని కూర్చోనిచ్చేవాడు కాదు.

ఆ ఏడు మల్కాపురంలోని కొత్త ఇంటి నూతికి మొదటిసారి పూడిక తీయించాడు. ఇల్లు కట్టుకుని రెండేళ్ళయింది. అంతకుముందు వాళ్ళది సముద్రం వైపున్న మొగలిపాలెం. ఉక్కు ఫ్యాక్టరీకి భూములు తీసుకున్నప్పుడు చుట్టుపక్కల ఊళ్ళతో పాటు అదీ ఖాళీ అయింది. నూతిలో దిగిన తవిటయ్యది కూడా ఆ ఊరే. తాతల నాటి నుంచీ వాళ్ళది నూతుల పనే. మధ్యాహ్నానికల్లా నల్లమట్టిని గుట్టగా పోసి, ఒళ్ళు కడుక్కుని, సణుక్కుంటూ వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

అరుగు మీద అప్పటికే పెద్ద సభ నడుస్తోంది. పక్కింటి జ్ఞానదాసు వాళ్ళ కుక్క పిల్లల్ని పెట్టింది. ఆయనా పోర్టు మనిషే. గురునాథరావు క్రేను పైనుంటే ఈయన కింద నిలబడి చేతులూపే ఉద్యోగం. ఇద్దరికీ బావా అంటే బావా. ఒక పిల్లను తువ్వాల్లో చుట్టి తెచ్చి అందరి మధ్యా పెట్టాడు.

"తీసేసుకో బావా. దీని తల్లి దొంగోణ్ణి సూసిందంటే ఒదల్దు."

"మొన్న మీ ఇంట్లో దొంగలు పడ్డప్పుడు అది మంచం కిందకి దూరిందని మీరే సెప్పినారు గదన్నా," అంది గురునాథరావు భార్య గౌరీశ్వరి.

"తల్లి దూరింది. ఇది దూరదు," అన్నాడు జ్ఞానదాసు ఏమాత్రం తడుముకోకుండా.

పిల్లలు గంగాభవాని, సత్యం అప్పటికే దానికి పేరు దగ్గర కొట్టుకుంటున్నారు. గౌరీశ్వరి తన షరతులు చెప్పింది: వంటింటి గడప తొక్కకూడదు, మంచం ఎక్కకూడదు, దాని మలమూత్రాలు తను ఎత్తిపోయదు. గురునాథరావు పంచాయితీ పెద్దలా అన్నీ విని, ఇంటికి ఒక జీవం ఉండడం మంచిదే అని తీర్పు చెప్పేశాడు. ఇక మిగిలింది ముసలమ్మ మాట. అందరూ నూతి వైపు చూశారు.

అతని తల్లి కాశమ్మ తవిటయ్య పోసిన మట్టిగుట్ట ముందు గొంతుక్కూర్చుని, పుల్లతో దాన్ని కెలుకుతోంది.

"తవిటయ్యా, పూడికలో ఏటొచ్చిందిరా?"

"మట్టొచ్చింది కాశమ్మప్పా. ఇంకేటొస్తాది, బంగారమా?"

"జీవమేదీ?"

తవిటయ్య గురునాథరావు మొహం చూశాడు. గురునాథరావు కుక్కపిల్ల మొహం చూశాడు. కాశమ్మ పుల్ల పారేసి, చీర దులుపుకుని లేచింది.

"కుక్కనే తెచ్చుకోండి, నానొద్దన్ను. నాను మాత్రం వానలు పడకముందే సబ్బవరం ఎల్లిపోతాను. నారాయణమ్మ రమ్మంటానే ఉంది. జీవం నేని నూతి నీళ్ళు నాకు గొంతు దిగవు."

నారాయణమ్మ ఆమె కూతురు. సబ్బవరంలో ఇచ్చారు. ఈ బెదిరింపు గురునాథరావుకు కొత్త కాదు గానీ, ఈసారి గొంతు వేరేగా ఉంది. పైగా గొంతు దిగవన్నది ఉత్త మాట కాదు. ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ ఇంటి నూతి నీళ్ళు చుక్క ముట్టలేదు. పొద్దున్నే బిందె పట్టుకుని వీధి చివరి కుళాయికి పోవడం, వరసలో నిలబడడం, ముందున్నవాళ్ళతోనూ వెనకున్నవాళ్ళతోనూ పోట్లాడడం, నీళ్ళు తెచ్చుకుని తన కుండలో తను పోసుకోవడం. నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయని అలా చేస్తోందనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"కుక్క జీవం కాదేటమ్మా?" అన్నాడు.

"నూతి మాటరా నాను సెప్తన్నది. మన తాబేలేదీ?"

అంతే. గురునాథరావు అరుగు మీంచి లేచి నిలబడ్డాడు.

మొగలిపాలెం నూతిలో తాబేలుండేది. నూతిలో తాబేలుంటే పురుగూ పుట్రా ఉండదనీ, నీళ్ళు తేటగా ఉంటాయనీ ఆ ఊళ్ళో ప్రతి ఇంటా ఉంచేవాళ్ళు. ఏటా పూడిక తీసినప్పుడు ముందు దాన్ని పైకి తెచ్చేవారు. గంగాళంలో పెట్టి, పసుపూ కుంకుమా అద్ది, పని అయ్యాక మళ్ళీ దించేవారు. గురునాథరావుకు ఊహ తెలిసే నాటికే అది ఉంది. ఊరు ఖాళీ చేసిన రోజున తలుపులు ఊడదీశాడు, దూలాలు దించాడు, పెంకులు ఒక్కటి పగలకుండా గడ్డిలో పేర్చాడు, తులసికోటను పునాదితో సహా పెకలించి బండెక్కించాడు, నూతి గిరక కూడా విప్పి తెచ్చాడు. గిరక విప్పుతున్నప్పుడైనా కిందికి తొంగి చూడలేదు. ఒక ప్రాణిని అక్కడ వదిలేసి వచ్చాడు. తలుచుకుంటే సిగ్గేసింది.

"అప్పుడే సెప్పకపోయావా అమ్మా?"

"ఎందుకు సెప్తాను? ఎప్పుడో ఒకనాటికి తిరిగెల్తాం గదా, అందాకా అదుంటాదిలే అనుకున్నాను." కాశమ్మ చేతి మట్టి దులుపుకుంది. "నిన్న కుళాయి కాడ సెప్పుకుంటన్నారు. యంత్రాలొచ్చినాయట. నూతులన్నీ పూడ్సేత్తన్నారట."

పూడ్చేలోగా పోయి దాన్ని తెచ్చేద్దామన్నాడు గురునాథరావు.

ఆదివారం బయల్దేరారు. గాజువాక దాకా బస్సు, అక్కణ్ణుంచి నడక. జ్ఞానదాసు తెల్లారి ఆరాధన కాగానే చర్చి నుంచి నేరుగా తెల్లచొక్కాతోనే వచ్చేశాడు. తవిటయ్య భుజాన మోకు చుట్టా, పారా గునపం, చేతిలో బకెట్లూ, నోట్లో సణుగుడూ. రెండేళ్ళు మనిషి ముట్టని నూతిలో తాబేలు బతికుంటుందా, పాములుంటాయి గానీ, అని దారి పొడుగునా అదే పాట.

మొగలిపాలెంలో ఊరన్నది లేదు. మొండిగోడలున్నాయి, వాటి మధ్య ముళ్ళకంప ఉంది. ఊరికి అటు చివర పసుపు రంగు యంత్రం ఒకటి గోడల్ని నేలమట్టం చేస్తూ గుర్రుమంటోంది. జ్ఞానదాసు పోయి దాని డ్రైవరుతో మాట్లాడి వచ్చాడు. తాబేలు కోసమని వింటే వాడు నవ్వాడట గానీ, ఈ పూట ఇటువైపు రానని మాటిచ్చాడట.

కాశమ్మ అందరికన్నా ముందు నడుస్తోంది. వాళ్ళ ఇంటికి ఒక్క గోడా సరిగ్గా లేదు. ఎటునుంచైనా లోపలికి పోవచ్చు. ఆవిడ మాత్రం చుట్టూ తిరిగి, గుమ్మం ఉన్న చోటికే వెళ్ళి, ఒకప్పుడు ద్వారబంధం తగులుతుందని వంచినట్టే తల వంచి, కాలెత్తి గడప దాటి లోపలికెళ్ళింది. గడప లేదు. ద్వారబంధం మల్కాపురంలో ఉంది. అది చూసి గురునాథరావు తనూ గుమ్మంలోంచే వెళ్ళాడు. వెనకాల జ్ఞానదాసు కూడా, ఎందుకో తెలీకపోయినా, తల వంచాడు.

నూతిలో నీళ్ళు నల్లగా, ఆకులు కుళ్ళి, కంపు కొడుతున్నాయి. కాశమ్మ గట్టు మీద చేతులానించి "ఉన్నావేటి?" అని పిలిచింది. జవాబుగా ఏదీ కదల్లేదు.

తోడడం మొదలుపెట్టారు. గిరక లేదు కాబట్టి మోకు భుజాల మీంచే లాగాలి. జ్ఞానదాసు చొక్కా విప్పి గోడ మీద పెట్టాడు, బురద చుక్క పడకుండా. నాలుగో బకెట్‌కే ఆ చొక్కా మీద సగం బురద పడింది. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి నీళ్ళు మోకాలి లోతుకు దిగాయి. తవిటయ్య కిందికి దిగి, చేతులు బురదలోకి పోనిచ్చి జానెడు జానెడు తడుముకుంటూ తిరిగాడు. తాబేలు దొరికేదాకా పార ముట్టుకోకూడదన్నది వాళ్ళ పద్ధతి. ఎంత సణిగినా ఆ పద్ధతి తప్పలేదు వాడు.

"నేదప్పా!" అని కేకేశాడు చాలాసేపటికి. "సచ్చిపోయుంటాది."

"డొప్ప దొరికిందా?"

"నేదు."

"సచ్చిపోతే డొప్పుండాల గదరా? డొప్ప కుళ్ళిపోద్దేటి?"

తవిటయ్య పైకి వచ్చేసి, నాకు ఒళ్ళు తిరుగుతోంది, కావాలంటే మీరే దిగి చూసుకోండని కూర్చున్నాడు. కాశమ్మ నూతి వైపు తిరిగి అలాగే నిలబడింది. అలా నిలబడ్డ తల్లిని చూస్తే గురునాథరావుకు తెలిసిపోయింది, ఇవాళ తాబేలు దొరక్కపోతే రేపు తల్లి కూడా తన ఇంట్లో ఉండదని. చొక్కా విప్పి మోకు నడుముకు కట్టుకున్నాడు.

యాభై అడుగుల ఎత్తున క్రేను గదిలో బతికే మనిషికి నేల లోపలికి దిగడం కొత్త. రాతికట్టు సందుల్లో పాదాలు పెట్టి దిగుతుంటే చల్లదనం ఒంట్లోకి పాకింది. పైన యంత్రం చప్పుడు వినబడడం మానేసింది. అడుగున మోకాలి దాకా దిగబడి, రాళ్ళ వెంట చేతులతో వెతుక్కుంటూ వెళ్ళాడు. ఒకచోట కట్టులో రాయి జారి గూడులా ఉంది. అందులోంచి సన్నగా ఊట నీళ్ళు కారుతున్నాయి. చేయి లోపలికి పెట్టాడు. గుండ్రంగా, నున్నగా, రాయి కాని రాయి ఏదో తగిలింది. అది వెనక్కి జరిగింది.

అతను రెండు చేతులూ పెట్టి మెల్లగా లాగాడు. చిన్న పళ్ళెమంత డొప్ప, నల్లగా, నాచు పట్టి, చేతుల నిండా బరువుగా వచ్చింది. బుస్సుమని తల లోపలికి లాక్కుంది. అతను కదలకుండా అలాగే గుండెలకానించి పట్టుకున్నాడు. కాసేపటికి ముడతలు పడ్డ మెడ బయటికి వచ్చింది. చిన్న కన్ను తెరుచుకుంది. అది అతన్ని చూడలేదు. మెడ సాచి పైకి చూసింది.

అతనూ తల ఎత్తాడు. పైన ఆకాశం గుండ్రంగా, గంగాళమంత ఉంది. అందులోకి తొంగిచూస్తూ ఒకే ఒక మొహం, తన తల్లిది.

ఇన్నేళ్ళూ దీనికి కనబడిన లోకం ఇదన్నమాట. పగలైతే ఒక నీలం బిళ్ళ, రాత్రయితే నాలుగు చుక్కలు, నీళ్ళు తోడే వేళకు ఆ మొహం. తన పుట్టుకా, తండ్రి చావూ, ఊరు ఖాళీ కావడం, ఏదీ దీనికి తెలీదు. ఆ మొహం రావడం మానేసిన సంగతి మాత్రం తెలిసే ఉంటుంది. అయినా చావలేదు. ఉన్నంత ఊట పట్టుకుని గూట్లో కూర్చుంది. సింహాచలం కొండ మీద కూడా అతనికి ఎప్పుడూ అంత భయభక్తులు కలగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నూతిలో ఎవరు చూస్తారులే అని తుడుచుకోలేదు.

"దొరికిందమ్మా!" అన్నాడు. గొంతు గోడలకు తగిలి పెద్దదై పైకి పోయింది.

పైకి తెచ్చాక జ్ఞానదాసు తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేసి, దాని ముందు గొంతుక్కూర్చుండిపోయాడు. "ఎంత ఓపిక ఇచ్చినాడు బావా దేవుడు దీనికి," అన్నాడు నెమ్మదిగా. తవిటయ్య ఒళ్ళు తిరుగుడు తగ్గిపోయింది. డొప్పకు చేయి తాకించి కళ్ళకద్దుకుని, ఇక బేగి పోదామని మోకు చుట్టబోయాడు.

"పూడికో?" అంది కాశమ్మ.

"ఏటప్పా?"

"పూడిక తియ్యవా?"

తవిటయ్య నోరు తెరిచాడు. "రేపో ఎల్లుండో పూడ్చేసే నూతికి పూడికేటప్పా? నీకేటన్నా మతి పోయిందేటి? ఆ మట్టి నాను పైకి తీడవెందుకు, ఆళ్ళు మళ్ళీ లోపల పొయ్యడవెందుకు?"

"ఎవులేటి సేసుకుంటే మనకెందుకురా? మూడు తరాలు తాగినాం దీని నీళ్ళు. దీని బిడ్డని తీసుకుపోతన్నాం. మురికి మొహంతో ఒదిలేసి పోతామేటి?"

గురునాథరావు తల్లిని కాదనడానికే నోరు తెరిచాడు. తెరిచి, పారందుకుని మళ్ళీ నూతిలోకి దిగాడు. తవిటయ్య తిట్టుకుంటూ వెనకే దిగాడు. ముగ్గురు మగాళ్ళు మధ్యాహ్నమంతా చచ్చే నూతికి చాకిరీ చేశారు. బకెట్ల మీద బకెట్ల బురద పైకి వచ్చింది. కాశమ్మ గట్టు చుట్టూ కంప పీకి, చీపురు లేకపోతే కొమ్మ విరిచి ఊడ్చింది. అడుగున గట్టి ఇసుక తగిలాక తవిటయ్య అన్ని మూలలా గునపంతో పొడిచాడు.

అప్పుడు ఊట లేచింది. ముందు ఒకచోట, తర్వాత రెండు మూడు చోట్ల, ఇసుకను పైకి తోసుకుంటూ బుడబుడమంటూ నీళ్ళు వచ్చాయి. వాళ్ళ పాదాలు కనబడేంత తేటగా. రెండేళ్ళుగా అడిగినవాడు లేడు, రేపటి నుంచి ఉండడు. ఆ సంగతి ఊటకు పట్టలేదు. అది తన పాటికి తను వస్తోంది. సణుగుడు మాని తవిటయ్య కూడా వంగి చూస్తూ ఉండిపోయాడు. అంత గొప్ప సంగతి ఇన్నాళ్ళూ కాళ్ళ కిందే జరుగుతూ ఉందని గురునాథరావుకు అప్పుడు తెలిసింది.

మొదటి బకెట్ కాశమ్మ తోడింది. దోసిలి పట్టి తాగింది. తర్వాత అందరికీ పోసింది. చెంగున ముడేసి తెచ్చిన పసుపు గట్టుకు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కర్పూరం వెలిగించి దండం పెట్టుకుంది. దూరంగా యంత్రం డ్రైవరు ఇంజను ఆపి, దిగి నిలబడి ఇటే చూస్తున్నాడు.

తిరుగు బస్సులో కండక్టరు తాబేలున్న తడి గోనెసంచిని చూసి జంతువుల్ని ఎక్కించకూడదన్నాడు. కాశమ్మ నోరు విప్పేలోగా జ్ఞానదాసు "జంతువేటయ్యా, కూర్మనాథుడు!" అన్నాడు గట్టిగా. బస్సంతా లేచింది. చేపల తట్టలవాళ్ళు, గుమాస్తాలు, బాలింతలు, అందరూ సంచిని తాకి కళ్ళకద్దుకున్నారు. కండక్టరు ముందు సీటు ఖాళీ చేయించాడు. "సర్చికెళ్ళొచ్చిన నోటితోనే అనేశాను. ఆదివారం పూట అబద్దం కాదు గదా బావా?" అని జ్ఞానదాసు గురునాథరావు చెవిలో అడిగాడు, నిజంగానే కాస్త దిగులుగా.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. తాబేలును గంగాళంలో పెట్టగానే పిల్లలు చుట్టూ మూగారు. కుక్కపిల్ల వచ్చి వాసన చూసింది. లోపలి నుంచి బుస్సుమనేసరికి కుయ్యోమంటూ మంచం కిందికి దూరింది. దూరదన్న జ్ఞానదాసు అటువైపు చూడనట్టు నటించాడు. గౌరీశ్వరి పసుపూ కుంకుమా అద్దింది.

గురునాథరావు బకెట్ అందుకోబోతే కాశమ్మ ఇవ్వలేదు. తాబేలును తనే అందులో కూర్చోబెట్టి, గిరక మీద తాడు మెల్లగా వదలసాగింది. బకెట్ చీకట్లోకి దిగిపోతుంటే దాంతోనే మాట్లాడింది, చుట్టూ మనుషులున్నారని కూడా చూడకుండా.

"బయపడకు. ఏడకు. నీకిది కొత్తేటి? మావ నన్నూ నిన్నూ ఒక్క బండిలోనే గదా తెచ్చినాడు."

గురునాథరావు తల్లి వైపు తిరిగాడు. "ఏటమ్మా?"

"నన్ను కాపురానికి తెచ్చిన రోజురా. నాకు పదేళ్ళున్నాయో నేవో. మాయమ్మ కావాలని బండిలో ఒకటే ఏడుపు. మా మావ దారిలో బండాపి, సెరువులోంచి దీన్ని పట్టి నా ఒళ్ళో పెట్టినాడు. అరిసేయంత ఉంది. ఇంటికి రాగానే నా సేతే నూతిలో ఏయించినాడు. 'ఏడకే కోడలా, ఇదీ నీలాగే ఈ పూటే వొచ్చింది. దీనికీ ఇక్కడ ఎవ్వలూ తెలీదు. నీళ్ళు తోడినప్పుడల్లా ఓసారి తొంగి సూత్తండు. మీకిద్దరికీ అలవాటైపోద్ది' అన్నాడు."

అమ్మ అంటే గురునాథరావుకు ఆ ఇంట్లో మొదటి నుంచీ ఉన్న మనిషి, దూలంలా, నూతి గట్టులా. ఆవిడ కూడా ఒకరోజు ఏడుస్తూ, ఎవరూ తెలీని చోట దిగిన పిల్ల అన్న సంగతి నలభై ఏళ్ళు దాటినా అతనికి తట్టలేదు. ముసలితనంలో మళ్ళీ అలాంటి చోటికి తనే తెచ్చి దింపాడు. ఈసారి ఒళ్ళో ఏదీ పెట్టకుండా దింపాడు.

తాడు వదులైంది. కాశమ్మ బకెట్‌ను ఒక పక్కకు వంచి, పైకి లాగింది. తాబేలు దిగిపోయిన బకెట్‌లో సగం దాకా నీళ్ళు వచ్చాయి. లాంతరు పట్టుకుని అందరూ వంగి చూశారు. నీళ్ళు కదిలి, నిలిచి, నల్లగా ఊరుకున్నాయి. చాలాసేపు ఏమీ లేదు. ఆఖరికి నీళ్ళ మీద బొటనవేలంత తల ఒకటి లేచి, మెడ సాచి, పైకి చూసింది.

కాశమ్మ బకెట్‌లో నీళ్ళు దోసిట్లోకి తీసుకుంది. రెండేళ్ళలో మొదటిసారి ఆ నూతి నీళ్ళు తాగింది. మొహం చిట్లించింది. ఇంకో దోసిలి తాగింది. చేతులు చీర చెంగుకు తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది.

"పొద్దున్నే నారాయణమ్మకి కబురంపరా. ఇప్పుడు రాలేనని సెప్పు. దీనికిది కొత్త నుయ్యి, నాను తప్ప ఎవ్వలూ తెలీదు."